గోదారి వంతు

మా ఇంట్లో చెత్తబుట్ట ఎప్పుడూ ఖాళీయే. అదేదో నా శుభ్రత అనుకునేరు, కాదు. చెత్తంతా బల్ల మీద ఉండేది. అయిపోయిన పేస్టు ట్యూబుల మూతలు, ఐస్‌ఫ్రూట్ పుల్లలు, శుభలేఖల అట్టలు, వడకట్టి ఎండబెట్టిన టీపొడి, కొబ్బరి పీచు, మిల్లు నుంచి తెచ్చిన ఊక. మా ఆయన గున్నేశ్వరరావు గారు వాటిని సామాను అనేవారు, నేను చెత్త అనేదాన్ని. పెళ్ళయిన దగ్గర్నుంచి మా మధ్య ఉన్న తగువు ఇదొక్కటే అంటే అబద్ధం. చాలా ఉన్నాయి. కానీ రోజూ తప్పకుండా జరిగేది మాత్రం ఇదే.

తణుకులో మాకు ఫ్యాన్సీ సామాన్ల కొట్టు ఉంది. గాజు బొమ్మలు, గోడ గడియారాలు అన్నీ థర్మకోల్‌లో పొదిగి వస్తాయి. పక్క కొట్లవాళ్ళు ఆ థర్మకోల్ పారేస్తారు. మా వారు దాన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఇంటికి తెచ్చేవారు. చెక్కితే కొండ, కోస్తే కాలవ గట్టు. ఊక చల్లితే చేను, టీపొడి చల్లితే బురద. ఆ కొండల మధ్య, చేల మధ్య వేలెడంత ప్లాస్టిక్ సైనికుల్ని నిలబెట్టి, పాచికలు వేసి, టైలరు టేపుతో దూరం కొలిచి జరుపుతూ యుద్ధం ఆడేవారు. ఏళ్ళొచ్చిన మగవాడు ఆడే ఆటేనా అని నేను అడగని ఆదివారం లేదు.

ఎదురు పక్షం యెహెజ్కేలు మాస్టారు. హైస్కూల్లో సోషల్ చెబుతారు, లూథరన్ చర్చిలో పెద్దమనిషి. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు, ఇప్పటికీ ఒరే అంటే ఒరే అనుకుంటారు. ఆదివారం చర్చి అయ్యాక భోంచేసి మా ఇంటికి వచ్చేవారు. కోట గోడలకి కోడిగుడ్ల అట్టలంత బాగా మరేవీ పనికిరావట. మా ఇంట్లో గుడ్లు ఎవరు తింటారు? మాస్టారే తన ఇంటి నుంచి సంచిలో దాచి తెచ్చేవారు. ఒకసారి మా గుమ్మం ముందే సంచి చిరిగింది. ఆ తర్వాత ఎన్నాళ్ళో ఎదురింటి జగదాంబ గారు నా చేతి ప్రసాదం కూడా ఆలోచించి తీసుకున్నారు.

మొదట్లో ఆట రూల్సు ఇంటర్‌నెట్‌లోంచి తీసి జిరాక్స్ కొట్టించారు. అందులో ఉన్న కొండలూ నదులూ ఆట అయ్యేదాకా ఉన్నచోటే ఉండాలట. వీళ్ళు ఒప్పుకోలేదు. వరద వరదకీ ఒక లంక కరిగిపోయి ఇంకో లంక పైకి తేలడం చూసినవాళ్ళు, నది కదలదంటే ఎలా ఒప్పుకుంటారు? అందుకని సొంతంగా ఒక రూలు పెట్టుకున్నారు. ప్రతి ఆదివారం ఆట మొదలయ్యే ముందు గోదారి వంతు. బల్ల మీద గోదారి ఏదో ఒక్కటి పెట్టచ్చు, లేదా ఒక్కటి తీసెయ్యచ్చు. కాదనడానికి లేదు, ఎందుకని అడగడానికి లేదు. ఇంటాయన కాబట్టి ఆ ఒక్కటీ తయారుచేసే పని మా వారిది.

తర్వాత షుగరు కిడ్నీల మీదకి వచ్చింది. మంగళవారం, శుక్రవారం డయాలసిస్. చేతికి లావుపాటి సూదులు గుచ్చి, రక్తమంతా బయటికి తీసి, కడిగి, మళ్ళీ లోపలికి పంపుతారు. పిండి ఆరేసిన బట్టలా ఇంటికి వచ్చేవారు. సూదుల కంటే పెద్ద బాధ దాహం. రోజు మొత్తానికి ఇన్ని గుటకలని లెక్క. వీధి చివర కాలవ, ఊరి చుట్టూ కాలవలు, ఇంట్లో పంపు తిప్పితే నీళ్ళు. ఆయనకి మాత్రం తాగడానికి లేదు. ఒక్కోసారి పంపు కింద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడిపోయేవారు. నీళ్ళు వృథా అని నేను కేకలేసేదాన్ని కాదు, అదొక్కటీ నయం.

ఒక మంగళవారం ఆటో వచ్చి హారన్ కొట్టింది. ఆయన మంచం దిగలేదు. చాలు, ఇక వెళ్ళను అన్నారు. కోపంగా కాదు, రెండో ముద్ద వద్దన్నంత మామూలుగా అన్నారు. నాలుగైదు సార్లు మానేస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందని డాక్టరు ముందే చెప్పాడు. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పలేదు, చెప్పక్కర్లేదు. విశాఖపట్నం నుంచి అమ్మాయి హర్షిత ఫోన్లో ఏడ్చింది. నేను అరిచాను, బతిమాలాను, అన్నం మానేస్తానన్నాను. అమ్మాయికి ఉద్యోగం వచ్చింది, కొట్టు తమ్ముడు చూసుకుంటున్నాడు, ఇంకా ఈ పొడిపించుకోవడం ఎవరి కోసం అన్నారు. నా కోసం అనడానికి నాకు నోరు రాలేదు. ఇంత నోరున్నదానికి అప్పుడే రాలేదు.

మాస్టారికి కబురు పెట్టాను. ఆయన వచ్చి బతిమాలలేదు. బల్ల వైపు చూశారు. యుద్ధం సగంలో ఉంది. ఈ గట్టున మా వారి సైన్యం, ఆ గట్టున కొండ మొదట్లో మాస్టారి కోట. కోట పడితే ఆట అయిపోయినట్టు.

"అయితే ఇది ఎవడు పూర్తి చేస్తాడ్రా?" అన్నారు.

మా వారు మంచం మీద లేచి కూర్చున్నారు. తర్వాత, యుద్ధం అయ్యేదాకా ఆసుపత్రికి వెళ్తానన్నారు. కోట పడ్డ రోజు నుంచి మాత్రం ఎవరూ తనని వెళ్ళమని అడగకూడదు. చెయ్యి చాపి నన్ను ఒట్టు వెయ్యమన్నారు. బయట ఆటో ఇంకా ఆగే ఉంది. నేను చేతిలో చెయ్యి వేశాను.

ఇక చూడండి ఆట. రైలుకి టైమైపోతున్నవాడిలా ఆడేవారు. ఎన్నేళ్ళుగానో ఒక్కో అడుగూ ఆలోచించి జరిపే మనిషి, దారిలో ఎంతమంది పడిపోయినా వెనక్కి చూడకుండా ముందుకే తోశారు. మాస్టారికా, పాచికలు పగబట్టినట్టు పడేవి. చూస్తుండగానే మా వారి సైన్యం నది నడిమి లంకల్లోకి వచ్చేసింది.

కానీ చేతులు వణికేవి. కత్తి పట్టుకోలేకపోయారు. ఒకరోజు నన్ను పిలిచి, ఈసారి గోదారి పని నువ్వు చెయ్యి, లంకలో రెండు పూరిళ్ళు కట్టు చాలు అన్నారు. గోడలకి శుభలేఖల అట్ట, కప్పుకి చెరకు పిప్పి. పిప్పిని ఉడికించి బాగా ఎండబెట్టాలని మరీ మరీ చెప్పారు. చెరకు రసం బండివాణ్ణి అడిగితే ఆయ్ తీసుకెళ్ళండమ్మా అని సంచి నింపి ఇచ్చాడు. ఉడికించడానికి గ్యాసు దండగ అనుకుని, ఒక పూట ఎండలో పడేసి, అలాగే అతికించేశాను. నిజం చెప్పొద్దూ, చూరు భలే కుదిరింది.

ఆదివారం నాటికి బల్లంతా చీమలే. చెరకు తీపి పట్టిన పిప్పి కదా, ఇళ్ళ మీదా గట్ల మీదా సైనికుల తలల మీదా బారులు కట్టాయి. ఇద్దరి సైన్యాలకంటే క్రమశిక్షణగా నడుస్తున్నాయని మాస్టారు నవ్వారు. ఆ మధ్యాహ్నమంతా కిరసనాయిలు గుడ్డతో తుడవడానికే సరిపోయింది. ఆట జరగలేదు. మంగళవారం మా వారు మాట ప్రకారం ఆటో ఎక్కారు.

ఆ సాయంత్రం పప్పు ఎనుపుతుంటే నాకు తట్టింది. ఆట ఆగింది కాబట్టి ఆయన వెళ్ళారు. యుద్ధం అయ్యేదాకా అన్నారు గానీ ఎప్పటికి అవుతుందో అనలేదు. ఇప్పుడు గోదారిని నేనే.

ఆ తర్వాత నేను చేసిన పనులు చూస్తే మా అమ్మ కూడా నన్ను గుర్తుపట్టేది కాదు. చెత్తబుట్టలు వెతికే మనిషినయిపోయాను. ఆయన మింగిన మాత్రల తాలూకు ఖాళీ రేకులు పోగేసి, గరిటె కాడతో నున్నగా సాగదీసి, సైన్యానికి అడ్డంగా కొత్త పాయ తవ్వాను. చీపురు పుల్లలు గుచ్చి రెల్లుదుబ్బులు పెంచాను. టీపొడి, ఫెవికాల్ కలిపి మోకాలి లోతు బురద చేశాను. ఒక ఆదివారం వంతెనే ఎత్తేశాను. కూర మాడినా పట్టించుకోలేదు. కొట్టు నుంచి మరిది వస్తే మంచినీళ్ళు ఇచ్చే ముందు, అట్టపెట్టెలేమైనా తెచ్చావా అని అడిగేదాన్ని.

పాయ పెట్టిన రోజు ఆయన దాని మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా రాశారు. కిటికీ వెలుగు రేకుల మీద పడి నిజంగా నీళ్ళలాగే కదిలింది. ఆయన గొంతులో గుటక పడింది. చల్లగా ఉంది అన్నారు, అంతే. రూలు ప్రకారం ఎందుకు పెట్టావని అడగలేదు. కానీ వారం వారం నా మొహం వంక చూసే చూపు పొడుగైంది.

అయినా ఆగే మనిషి కాదు. వరదల్లో కూడా కొట్టుకి సరుకు దింపించుకున్న వ్యాపారి. బురద వస్తే చుట్టూ తిరిగారు, వంతెన పోతే ఐస్‌ఫ్రూట్ పుల్లలతో తెప్ప కట్టించారు. ఆయన టేపు సాగదీసినప్పుడల్లా నేనూ వంగి అంకె చూసేదాన్ని. చివరికి ఆయన సైన్యానికీ కోటకీ మధ్య ఇంకొక్క ఆదివారం మిగిలింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒట్టు తప్పలేను, తప్పకపోతే ఆయన్ని బతికించుకోలేను.

ఇక కొండే దిక్కనుకున్నాను. కోటని మామూలు గట్టు మీద కాక నిలువు కొండ మీదకి ఎక్కించేస్తే, నిచ్చెనలు కట్టుకుని ఎక్కేసరికి నెలలు పడుతుంది. ఎవరో కొత్త ఫ్రిజ్ కొంటే దాని థర్మకోల్ దిమ్మలు అడిగి తెచ్చుకున్నాను. కత్తిని పొయ్యి మీద వేడిచేసి కోశాను. పగుళ్ళు, రాతి పొరలు, వంకర దారి, అన్నీ చెక్కాను. ముగ్గు తప్ప ఏదీ వెయ్యని చేతులకి అంత పని వచ్చని నాకే తెలీదు. ఆయనకి కనబడకుండా డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనక చేశాను. చూసి మురిసిపోయాను కూడా, ఎందుకు చేస్తున్నానో ఒక్క క్షణం మర్చిపోయి.

శనివారం మధ్యాహ్నం రంగు వేద్దామంటే ముసురు. కుంచెతో వేస్తే ఆదివారానికి ఆరదు. మెకానిక్ షాపులో బళ్ళకి కొట్టే స్ప్రే డబ్బా తెచ్చుకున్నాను. డాబా మీద రేకు కింద కూర్చుని కొండ మీద కొట్టాను. చుయ్‌మని చప్పుడు వచ్చింది. నురగ అణిగినట్టు కొండ లోపలికి కుంగిపోసాగింది. ఎక్కడ రంగు తగిలితే అక్కడ గొయ్యి. చేత్తో ఆపబోతే వేళ్ళకి అంటుకుని సాగింది. చూస్తుండగానే నా కొండ నల్లటి ముద్ద అయిపోయింది.

ఆయన ఇన్నేళ్ళూ నీళ్ళ రంగు తప్ప ఇంకోటి ఎందుకు వాడలేదో అప్పుడు తెలిసింది. అడిగితే చెప్పేవారు. కానీ అడిగితే నేను చేస్తున్నది తెలిసిపోతుంది. ఆ ముద్దని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. ఆయన చచ్చిపోతారు, నేను రంగు సరిగ్గా కొట్టలేక చచ్చిపోతారు అని పైకే అన్నాను. వినడానికి వాన తప్ప ఎవరూ లేరు.

గొడుగు కూడా మర్చిపోయి మాస్టారి ఇంటికి వెళ్ళాను. రేపు ఎలాగైనా కోట పడకుండా చూడండి, దొంగాట ఆడైనా సరే అని చేతులు పట్టుకున్నాను. ఆయన తువ్వాలు తెచ్చి ఇచ్చి, ఎదురుగా కూర్చున్నారు.

"ప్రతి ఆదివారం కోట నిలబడాలని ప్రార్థన చేసుకునే వస్తున్నానమ్మా. పాచిక దొంగగా మాత్రం వెయ్యలేను. వాడికి తెలిసిపోతుంది. నేనూ మోసం చేశానని తెలిస్తే, ఇక ఎవరి మాటా వినడు."

వెనక్కి నడుస్తుంటే కాలవ గట్టుదాకా నిండుగా పోతోంది. రైసు మిల్లు ముందు ధాన్యం బస్తాల మీద నీలం బరకాలు కప్పి ఉన్నాయి. గాలికి బరకం పొంగి, అణిగి, అలలు అలలుగా కదులుతోంది. అక్కడే ఆగిపోయాను. గోదారి ఒక్కటే పెట్టాలని ఉంది రూల్లో. అది ఎంత పెద్దదై ఉండాలో ఎవరూ రాసుకోలేదు. నిండా మునిగినదానికి చలేంటి?

ఆదివారం ఆయన నిద్ర లేవకముందే కొట్టు తాలూకు పాత బరకం తెచ్చి బల్లంతా పరిచేశాను. కాలవలు, చేలు, రెండు సైన్యాలు, అన్నిటినీ కప్పేశాను. పూరిళ్ళ కొప్పులు, కోట బురుజులు పైకి రావడానికి మాత్రం బ్లేడుతో చీలికలు పెట్టాను. అంతే, మిగతాదంతా నీలం.

మధ్యాహ్నం మాస్టారు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. మా వారు కుర్చీలో కూర్చుని బల్ల అంచు పట్టుకున్నారు.

"ఇది ఒక్కటేనా?"

"ఒక్కటేనండి. వరద."

"ఎప్పుడు తగ్గుతుంది?"

"గోదారికే తెలియాలి."

మా వారు బరకం అంచు పైకెత్తి, కింద సైన్యాన్ని చూసి వదిలేశారు. తర్వాత ఆయన, "ఒట్టు వేశావు ప్రసన్నా," అన్నారు.

"నేను వేశానండి. గోదారి వెయ్యలేదు." నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "మీరు లేకపోతే బతకలేనని అనను. బతుకుతాను, అందరూ బతకడం లేదా? కానీ నాకు ఇష్టం లేదు. ఇంత చెత్త నా నెత్తిన పెట్టి మీరు వెళ్ళిపోతే, నేను రోజూ ఎవరితో తగువాడను?"

 ఆయన చెయ్యి చీలికలోంచి బరకం కిందకి పోనిచ్చారు. తడిమి తడిమి ఒక సైనికుణ్ణి బయటికి తీశారు. పూరింటి కొప్పు మీద కూర్చోబెట్టారు. మళ్ళీ చెయ్యి పెట్టి ఇంకొకణ్ణి తీశారు. అవతలి వైపు నుంచి మాస్టారు కూడా తన వాళ్ళని తీయడం మొదలుపెట్టారు. లంక ఊళ్ళల్లో వరదకి జనం చూరెక్కినట్టే రెండు సైన్యాలూ ఒకే కప్పుల మీద ఇరుక్కుని కూర్చున్నాయి.

"వీళ్ళకి తాగడానికి నీళ్ళేవి?" అన్నారు మా వారు.

వరద చూసినవాళ్ళకి ఆ మాట తెలుసు. చుట్టూ ఎటు చూసినా నీళ్ళే, గుక్కెడు తాగడానికి ఉండవు. మాస్టారు మొహం తిప్పుకున్నారు. నేను లోపలికి వెళ్ళి ఫ్రిజ్‌లోంచి ఒక ఐసు ముక్క గిన్నెలో వేసుకుని వచ్చాను. ఆ పూటకి ఆయన వాటా అదే. నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కరిగేదాకా అలాగే ఉన్నారు.

మంగళవారం ఆటో ఎక్కారు, నా వంక చూడకుండా. తిరిగొచ్చాక, తగ్గని వరద గోదారి కాదు, అది నీ మొండితనం అన్నారు. మాస్టారు కూడా న్యాయం అటే ఉందన్నారు. ఆదివారానికి జానెడు చొప్పున నీళ్ళు తీయాలని తేలింది. చేసేది లేక ఒప్పుకున్నాను. వారం వారం నా చేత్తోనే బరకం అంచు మడిచాను. ముందు చేలు తేలాయి, తర్వాత పాయ, తర్వాత బురద. నీళ్ళు తీసినంత మేర సైనికులు కప్పులు దిగి నేల మీదకి వచ్చారు. ఆయన దిగే ప్రతి సైనికుణ్ణీ సరిగ్గా కోట వైపు తిప్పి నిలబెట్టేవారు. హర్షిత ఫోన్ చేసి నాన్న ఎలా ఉన్నారని అడిగితే, నీళ్ళు తగ్గుతున్నాయమ్మా అని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ పిల్లకి ఏం అర్థమైందో.

ఇంక కోట చుట్టూ మాత్రమే నీలం మిగిలిన ఆదివారం, పొద్దున్నే డాబా మీద బట్టలు ఆరేసి కిందకి దిగాను. మెట్ల మీదే ఆగిపోయాను. మా వారు లేచి నిలబడి ఉన్నారు. ఒక చేత్తో బల్ల పట్టుకుని, రెండో చేత్తో మడతపెట్టిన బరకాన్ని విప్పి లాగుతున్నారు. బురద మీదకి లాగారు. ఆయాసం వచ్చి ఆగారు. మళ్ళీ పాయ మీదకి లాగారు. పూరింటి కొప్పుని చీలికలోంచి పైకి తీసి, సైనికుల్ని ఒక్కొక్కరినే ఎత్తి దాని మీద పెట్టారు. నేను చప్పుడు చెయ్యకుండా మళ్ళీ డాబా ఎక్కి, ఆరేసిన బట్టలే మళ్ళీ ఆరేశాను.

మధ్యాహ్నం మాస్టారు వచ్చి బల్ల చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. తగ్గాల్సిన నీళ్ళు పెరిగాయేంటమ్మా అని నన్ను అడిగారు. నేను మా వారి వంక చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"ఎగువన వానలు పడుతున్నాయిరా," అన్నారు. "భద్రాచలం దగ్గర ఇంకా పెరుగుతోందట."